బిట్‌కాయిన్ భద్రత, ఇంట్లోనే నేర్చుకుందాం – 4వ పాఠం: నాణెం లోపలి కీ ఎవరెవరి దగ్గరుంది?

కిందటి పాఠంలో అడ్రస్‌కీ (బిట్‌కాయిన్ వచ్చి చేరే ఖాతా నంబరు లాంటిది) ప్రైవేట్ కీకీ (అక్కడి డబ్బు పంపడానికి కావాల్సిన రహస్య సంఖ్య) ఉన్న సంబంధం చూశాం. కీ తెలిస్తే అడ్రస్ లెక్కగట్టొచ్చు, అడ్రస్ తెలిసినంత మాత్రాన కీ రాబట్టలేం. కీ ఎవరి దగ్గరుంటే డబ్బు వాళ్లది. ఇద్దరి దగ్గరుంటే ముందు పంపుకున్నవాడిది. ఈ పాఠానికి ఆ ఒక్క ముక్క గుర్తుంటే చాలు.

ఇవాళ్టి పని లోహపు బిట్‌కాయిన్ నాణేన్ని, అంటే లోపల ప్రైవేట్ కీ దాచి అమ్మే బిళ్లని, పరీక్షించడం. సేకరణ కోసం కొనేవాళ్లు ఎక్కువగా లోహం, ముద్ర, స్టిక్కర్ మెరుపు చూస్తారు. మనం మాత్రం ఒక నాణెం గురించి అమ్మేవాడు చెప్పే ప్రతి మాటనీ రెండు కుప్పలుగా విడగొట్టడం నేర్చుకుందాం: మనంతట మనం సరిచూసుకోగలిగినవి ఒకవైపు, నమ్మడం తప్ప గత్యంతరం లేనివి ఇంకోవైపు.

ముందు ఒక సందేహం తీర్చేస్తాను. ఆన్‌లైన్ షాపుల్లో కొద్ది వందల రూపాయలకు బంగారు రంగు పూసిన ‘బిట్‌కాయిన్’ బిళ్లలు దొరుకుతాయి. వాటిలో కీ ఉండదు, బిట్‌కాయినూ ఉండదు. టేబుల్ మీద అలంకారానికి పెట్టుకోవచ్చు. ఎవరైనా ‘ఇందులో ఒక బిట్‌కాయిన్ ఉంది’ అని వాటిని చూపిస్తే మాట్లాడకుండా లేచి రండి. ఈ పాఠం వాటి గురించి కాదు.

అసలు నాణెం ఎలా ఉంటుందో చూద్దాం. అమెరికాలోని యూటా రాష్ట్రంలో మైక్ కాల్డ్‌వెల్ అనే ఆయన 2011లో కాసాషియస్ పేరుతో నాణేలు మొదలుపెట్టాడు. ఈ రంగంలో అందరూ లెక్కలోకి తీసుకునే మొదటి పేరు అదే. నాణెం వెనక గుండ్రటి హోలోగ్రామ్ స్టిక్కర్ ఉంటుంది. దాని కింద చిన్న కాగితం బిళ్ల, దాని మీద ప్రైవేట్ కీ. చోటు తక్కువ కాబట్టి ఆయన పొట్టి కీ పద్ధతి వాడాడు. అది ‘ఎస్’ అక్షరంతో మొదలవుతుంది. తొలి నాణేల్లో 22 అక్షరాలు, తర్వాతి వాటిలో 30. స్టిక్కర్ మధ్యలో ఒక చిన్న కిటికీ ఉంటుంది. అందులోంచి ఎనిమిది అక్షరాలు కనిపిస్తాయి. అవి కీ అక్షరాలు కావు, అడ్రస్‌లో మొదటి ఎనిమిది. స్టిక్కర్ మామూలుగా ఊడదీస్తే లోహం మీద తేనెపట్టు గడుల్లాంటి జాడ మిగులుతుంది. మళ్లీ అంటించినా అది దాగదు. మొదటి విడత స్టిక్కర్ల మీద కాసాషియస్ అన్న పేరులోనే ఒక అక్షరం ఎగిరిపోయింది. ఆ తప్పున్నవాటికే ఇప్పుడు సేకర్తల్లో గిరాకీ ఎక్కువ!

ఇక పరీక్షకు వద్దాం. కిటికీలోని ఎనిమిది అక్షరాలతో పూర్తి అడ్రస్ వెతకండి. కాసాషియస్ అడ్రసుల జాబితాలు బహిరంగంగానే ఉన్నాయి. ఆ అడ్రస్‌ని రెండో పాఠంలో వాడిన బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (ఏ అడ్రస్‌లోకి ఎంత వచ్చిందో, ఎంత పోయిందో చూపించే వెబ్‌సైట్) వేయండి. మొదట బ్యాలెన్స్, తర్వాత మొదటి జమ తేదీ. ఆ తేదీ నాణెం మీద ముద్రించిన సంవత్సరంతో పొసగాలి. చివరగా, ఇందులోంచి ఎప్పుడైనా డబ్బు బయటికి వెళ్లిందా? చిల్లర మొత్తాలు లోపలికి వచ్చి ఉంటే కంగారు పడకండి, ఏ అడ్రస్‌కైనా ఎవరైనా పంపొచ్చు. బయటికి ఒక్కసారి వెళ్లినా ఆ కీ ఎవరో చూశారని అర్థం.

ఈ మూడూ సరిపోయాయి అనుకుందాం. ఏం తేలింది? ఆ అడ్రస్‌లో డబ్బు ఉందని తేలింది. మీ చేతిలోని లోహానికీ ఆ డబ్బుకీ సంబంధం ఉందని ఇంకా తేలలేదు. అసలు నాణెం ఎక్కడో ఎవరి లాకర్‌లోనో భద్రంగా ఉండొచ్చు. దాని కిటికీలోని ఎనిమిది అక్షరాలే ఇంకో నకిలీ బిళ్ల మీద ముద్రించి మీకు అమ్మొచ్చు. ఎక్స్‌ప్లోరర్‌లో రెండింటికీ ఒకే బ్యాలెన్స్ కనిపిస్తుంది. అందుకే బ్యాలెన్స్ స్క్రీన్‌షాట్ పంపి ‘చూశారుగా, లోడ్ అయింది’ (అడ్రస్‌లో డబ్బు పడింది) అనేవాడికి జవాబుగా నాణెం బరువు, అంచు, హోలోగ్రామ్ దగ్గరి ఫోటోలు అడగాలి. బ్లాక్‌చెయిన్ (బిట్‌కాయిన్ లావాదేవీలన్నీ ఉండే బహిరంగ చిట్టా) రికార్డు అడ్రస్‌ది మాత్రమే. ఇత్తడి ముక్క గురించి అది ఏమీ చెప్పదు.

సరే, నాణెం అసలుదే. ఇప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఆ కీని మొదట తయారుచేసింది ఎవరు? తయారీదారు. అంటే ఒక క్షణమైనా అది ఆయన కంప్యూటర్‌లో ఉంది, ఆయన ప్రింటర్‌లోంచి వచ్చింది. ఇంటర్నెట్ లేని కంప్యూటర్‌లో తయారుచేశాం, ప్రింట్ అయ్యాక చెరిపేశాం అని ఈ వ్యాపారంలో మంచి పేరున్నవాళ్లంతా చెబుతారు. చాలామంది నిజంగానే అలా చేసి ఉంటారు. కానీ చెరిపేశారని రుజువు చేసే దారి ప్రపంచంలో ఎవరికీ లేదు, చిత్తశుద్ధితో చేసినవాళ్లకి కూడా. ఒక వస్తువు ఉందని చూపించొచ్చు, దాని నకలు ఎక్కడా లేదని ఎలా చూపిస్తారు?

బీరువా కొన్నప్పుడు డూప్లికేట్ తాళంచెవి షాపువాడి దగ్గర మిగిలిందేమో అని అనుమానం వస్తే, తాళం మార్పిస్తాం. ఇక్కడ తాళం మార్చడమంటే స్టిక్కర్ చింపి, కీ బయటికి తీసి, డబ్బు మన వాలెట్‌కి పంపుకోవడం. డబ్బు దక్కుతుంది. సేకరణ వస్తువుగా నాణెం విలువ మాత్రం చాలావరకు పడిపోతుంది. చింపనంత కాలమే దానికి ఆ ధర, చింపనంత కాలం తయారీదారు మీద నమ్మకం కొనసాగాల్సిందే. ఈ వస్తువు పుట్టుకలోనే ఉన్న మెలిక ఇది.

పైగా ఆ నమ్మకం ఒకసారి పెట్టి మర్చిపోయేది కాదు. 2011లో కాసాషియస్ నాణేలు అమ్మకానికి వచ్చినప్పుడు ఒక బిట్‌కాయిన్ ధర పది డాలర్ల లోపే. 2013 నవంబరులో వెయ్యి డాలర్లు దాటింది, 2017 డిసెంబరులో ఇరవై వేల దగ్గరికి వెళ్లింది, 2024 డిసెంబరులో లక్ష దాటింది. పది డాలర్ల కోసం దొంగతనం చేయని మనిషి లక్ష డాలర్ల ముందు కూడా అలాగే నిలబడాలి, అదీ ఒక్క నాణెం కాదు, తాను అమ్మిన ప్రతి నాణెం విషయంలోనూ. కాసాషియస్ వస్తువులు సుమారు 28 వేలు తయారయ్యాయి. కాల్డ్‌వెల్ పేరు మీద సేకర్తలు ఇప్పటికీ అసలు విలువకు మించి డబ్బు పెడుతున్నారు, ఆ గౌరవం ఆయన సంపాదించుకున్నదే. అయితే ఆయన్ని చూపించి ‘చూశారా, ఈ పద్ధతి సురక్షితం’ అంటే నేను ఒప్పుకోను. అక్కడ నిలబడింది ఒక మనిషి నిజాయితీ. ఇంకో తయారీదారు దగ్గర పద్ధతి అదే ఉంటుంది, మనిషి వేరు.

దొంగబుద్ధి లేకపోయినా కీ జారిపోయే దారులు చాలా ఉన్నాయి. సహాయకుడు ఫోటో తీసుకోవచ్చు. ప్రింటర్ మెమరీలో పాత ఫైల్ మిగిలిపోవచ్చు. తయారీదారు చనిపోయాక ఆ పాత కంప్యూటర్ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది యాదృచ్ఛిక సంఖ్యల నాణ్యత. కీ అంటే ఎవరూ ఊహించలేని పెద్ద సంఖ్య. ఆ సంఖ్యను ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంటే, నిజాయితీపరుడు తయారుచేసిన కీని కూడా ఎక్కడో కూర్చున్నవాడు లెక్కగట్టేస్తాడు. 2013 ఆగస్టులో ఆండ్రాయిడ్ ఫోన్ల యాదృచ్ఛిక సంఖ్యల వ్యవస్థలో ఇలాంటి లోపమే బయటపడి, ఆ ఫోన్లలోని బిట్‌కాయిన్ వాలెట్లు కీలు మార్చుకోవాల్సి వచ్చింది. 2022లో ప్రొఫానిటీ అనే ఉపకరణం సంగతి ఇంకా ఘోరం. ఇథీరియమ్‌లో (బిట్‌కాయిన్ లాంటిదే ఇంకో క్రిప్టో వ్యవస్థ) నచ్చిన అక్షరాలతో మొదలయ్యే అడ్రస్‌లు తయారుచేసుకోవడానికి దాన్ని వాడేవాళ్లు. లోపల అది దాదాపు 430 కోట్ల సంఖ్యల్లోంచి ఒకటి తీసుకుని కీ మొదలుపెట్టేది. వినడానికి పెద్ద సంఖ్యే, నేటి గ్రాఫిక్ కార్డులకు మాత్రం లెక్క కాదు. ఆ ఏడాది సెప్టెంబరులో వింటర్‌మ్యూట్ అనే ట్రేడింగ్ సంస్థ సుమారు 16 కోట్ల డాలర్లు పోగొట్టుకుంది, కారణం ఆ లోపమే అని తేల్చారు. నాణెం మీద అందం కోసం తన బ్రాండ్ అక్షరాలతో మొదలయ్యే అడ్రస్ పెట్టానని తయారీదారు గొప్పగా చెబితే, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేశారని అడగండి. జవాబు తేలిగ్గా రాకపోతే నాణెం అక్కడే వదిలేయండి.

హోలోగ్రామ్ గురించి క్లుప్తంగా. 2013లో లాస్ వెగాస్‌లో జరిగిన డెఫ్‌కాన్ హ్యాకర్ల సమావేశంలో, సన్నని సూదితో స్టిక్కర్ కిందికి ద్రావకం ఎక్కించి, జాడ మిగలకుండా దాన్ని లేపొచ్చని చూపించారు. కాబట్టి చేతులు మారిన నాణెమైతే తయారీదారుతో పాటు మధ్యలో పట్టుకున్న ప్రతి ఒక్కరినీ నమ్మాలి. గ్రేడింగ్ సంస్థ (నాణేలు పరిశీలించి స్థాయి నిర్ణయించేది) ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసి ఇచ్చినా, అది సీలు వేసిన రోజు నుంచి మాత్రమే కాపలా.

ఇప్పటిదాకా కీ ఎక్కువమంది దగ్గర ఉండే ప్రమాదం చెప్పాను. దీనికి తిరగబడ్డ ప్రమాదం ఇంకోటుంది: కీ ఎవరి దగ్గరా లేకపోవడం. స్టిక్కర్ కింద కాగితం పెట్టడం మర్చిపోయి ఉండొచ్చు. పక్క నాణెం కాగితం ఇందులో పడి ఉండొచ్చు. సిరా వెలిసిపోవచ్చు. పొట్టి కీలో తప్పు పట్టుకునే చిన్న ఏర్పాటు ఉంది: కీ చివర ప్రశ్నార్థకం చేర్చి షా-256 (ఏ అక్షరాలనైనా స్థిరమైన పొడవున్న కోడ్‌గా మార్చే లెక్క) తీస్తే ఫలితం రెండు సున్నాలతో మొదలవ్వాలి. ఒక అక్షరం తప్పు చదివితే దాదాపు ఎప్పుడూ అలా రాదు. కానీ ఈ పరీక్ష చేయాలన్నా ముందు స్టిక్కర్ చింపాలి కదా.

2013 నవంబరులో అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్, ఇలా లోడ్ చేసి అమ్మడం డబ్బు బదిలీ వ్యాపారం కిందికే వస్తుందని కాల్డ్‌వెల్‌కి తెలియజేసింది. ఆయన లోడ్ చేసిన నాణేలకు ఆర్డర్లు తీసుకోవడం ఆపేశాడు. ఆ తర్వాత ఖాళీ నాణేలు అమ్మి, ‘మీరే లోడ్ చేసుకోండి’ అనే పద్ధతి పెరిగింది. ఖాళీ కాబట్టి రిస్క్ లేదనుకోకండి. కీ తయారుచేసింది తయారీదారే అయితే, మీరు డబ్బు వేసే రోజు కోసం ఎదురుచూడటం ఒక్కటే అతను చేయాల్సిన పని.

మరి దారి లేదా? ఉంది, దానికి కూడా కాల్డ్‌వెల్‌దే చెయ్యి. బిప్ 38 అనే ప్రతిపాదన (కీకి రహస్య పదబంధంతో తాళం వేసే పద్ధతి) రాసినవాళ్లలో ఆయన ఒకడు. పద్ధతి ఇలా ఉంటుంది. మీ ఇంట్లో, నెట్ లేని కంప్యూటర్‌లో, ఒక రహస్య పదబంధం ఎంచుకుంటారు. దాన్నుంచి సాఫ్ట్‌వేర్ ఒక మధ్యంతర కోడ్ ఇస్తుంది, దాన్ని మాత్రమే తయారీదారుకి పంపుతారు. ఆయన దాని మీద తన వంతు లెక్క చేసి, ‘6పి’తో మొదలయ్యే 58 అక్షరాల తాళం వేసిన కీ నాణెంలో పెడతాడు. దాంతోపాటు ఒక నిర్ధారణ కోడ్ కూడా పంపుతాడు. మీ పదబంధం లేకుండా ఆ కీ పనిచేయదు, ఆయనకి కూడా. నిర్ధారణ కోడ్‌నీ మీ పదబంధాన్నీ కలిపి చూస్తే, ఆ అడ్రస్ నిజంగా మీ పదబంధం మీదే ఆధారపడిందో లేదో డబ్బు వేయకముందే తెలిసిపోతుంది.

ఇది చాలా తెలివైన ఏర్పాటు, అయినా రెండు చోట్ల జాగ్రత్త కావాలి. బలహీనమైన పదబంధం పెడితే, ‘6పి’ కీ దగ్గరున్న తయారీదారు ఊహించి చూడొచ్చు. ఇంటి పేరు, పుట్టిన సంవత్సరం లాంటివి వద్దు. రెండోది, ఆ కీ స్టిక్కర్ కింద సరిగ్గా ముద్రించారో లేదో నిర్ధారణ కోడ్ చెప్పదు. దొంగతనం భయం పోతుంది, ఖాళీ కాగితం భయం పోదు. ‘6పి’ కీ నకలు విడిగా కూడా పంపమని అడగండి. మీ పదబంధంతో దాన్ని ఇంట్లోనే తెరిచి అడ్రస్ సరిపోల్చుకోవచ్చు.

మన దేశంలో ఉండి కొనేవాళ్లకు ఒక మాట. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభాల మీద 30 శాతం పన్ను ఉంది, అదే ఏడాది జులై నుంచి కొన్ని పరిమితులు దాటిన బదిలీల మీద 1 శాతం టీడీఎస్ కూడా. లోడ్ అయిన నాణెం చేతులు మారితే లోపలి బిట్‌కాయినూ మారుతోంది కాబట్టి ముందే ఆడిటర్‌ని అడగడం మేలు.

అభ్యాసం. కింద రెండు ప్రకటనలు ఉన్నాయి, రెండూ నేను కల్పించినవే. ప్రతి మాట పక్కన ‘చూ’ (చూసుకోగలం) అనో, ‘న’ (నమ్మాలి) అనో రాయండి.

మొదటిది: ‘2014 వెండి నాణెం. 0.1 బిట్‌కాయిన్ లోడ్ అయింది. స్టిక్కర్ చెక్కుచెదరలేదు. కీలు ఆఫ్‌లైన్‌లో తయారుచేసి చెరిపేశారు. నేనే మొదటి యజమానిని.’

రెండోది: ‘ఖాళీ నాణెం. మీ మధ్యంతర కోడ్‌తో తయారుచేస్తాం. నిర్ధారణ కోడ్ ఇస్తాం. కీ లేజర్‌తో లోహం మీదే చెక్కుతాం, వెలిసిపోదు.’

మొదటిదానికి నా జవాబు: లోడ్ సంగతి ‘చూ’, వెండి ‘చూ’ (పరీక్ష చేయించొచ్చు), మిగతా మూడూ ‘న’. స్టిక్కర్ విషయంలో కొందరు ‘చూ’ రాస్తారు. డెఫ్‌కాన్ సూది గుర్తుచేసుకుని మళ్లీ ఆలోచించండి. రెండోదానికి జవాబు అయిదో పాఠం మొదట్లో ఇస్తాను.

అయిదో పాఠంలో సాఫ్ట్‌వేర్‌ని కూడా నమ్మకుండా మన కీ మనమే తయారుచేసుకుంటాం. దానికి ఒక పాచిక కావాలి, లూడో పెట్టెలోదైనా పర్వాలేదు, అంచులు అరగనిదైతే చాలు. 99 సార్లు వేయాలి, కాబట్టి గళ్ల కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి. ఫోన్ మాత్రం పక్క గదిలో ఉంచండి, కెమెరా ఉన్న చోట కీ తయారుచేయం.