కాయిల్ మాడ్చుకోకండి: బ్రిటన్‌కి కొత్తగా వచ్చిన మన సరిహద్దు జిల్లాల తమ్ముళ్లకి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ నుంచి చదువుకని ఇక్కడికొచ్చే కుర్రాళ్లకి రాస్తున్నది. సిగరెట్ అలవాటు లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి. వేప్, అంటే లిక్విడ్‌ని వేడిచేసి ఆవిరి పీల్చే ఈ-సిగరెట్, కొత్తగా అంటించుకోవాల్సిన వ్యవహారం కాదు. సిగరెట్ వదిలి వేప్‌కి మారినవాళ్లు, మారదామనుకుంటున్నవాళ్లు చదవండి.

2025 జూన్ 1 నుంచి బ్రిటన్‌లో వాడి పారేసే వేప్‌ల అమ్మకం నిషేధం. ఇప్పుడు షాపులో దొరికేవాటిలో లిక్విడ్ మళ్లీ నింపుకునే పాడ్‌లు, ట్యాంకులూ ఉన్నాయి. కాయిల్ గొడవ మొదలయ్యేది అక్కడే. ప్రతి కొత్త బ్యాచ్‌దీ ఒకటే ఏడుపు: "అన్నా, కొత్త కాయిల్ వేశాను, మొదటి దమ్ముకే మాడు కంపు. డూప్లికేట్ ఇచ్చాడేమో!" డూప్లికేట్ కాదు నాయనా, నువ్వే మాడ్చావు.

కాయిల్ అంటే వేలెడంత కూడా లేని లోహపు గొట్టం. లోపల చుట్టిన తీగో, సన్నటి జాలీయో ఉంటుంది, లిక్విడ్‌ని ఆవిరి చేసే వేడి దానిదే, దాన్ని అంటుకుని దూది. గొట్టం పక్కల కన్నాలుంటాయి, లిక్విడ్ దూదికి చేరేది వాటిలోంచే. నూనె ఇంకని వత్తి వెలిగిస్తే వత్తే కాలిపోతుందని మన ఇళ్లల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు, ఇక్కడికొచ్చేసరికి ఎందుకు మర్చిపోతారో తెలీదు. కాయిల్ బిగించే ముందే ఒక్కో కన్నం మీద ఒక్కో చుక్క, పైనుంచి లోపలి దూది మీద రెండు మూడు చుక్కలు వెయ్యండి. దూది తెల్లగా పొడిగా కనబడకుండా తడిసి మెరవాలి. అంతకు మించి పోస్తే గొట్టం నిండిపోయి గురగురమంటూ నోట్లోకి లిక్విడ్ చిమ్ముతుంది. బిగించి, ట్యాంక్ నింపి, పది నిమిషాలు పక్కన పెట్టండి. తర్వాత బటన్ నొక్కకుండా రెండు మూడు సార్లు ఉత్తి దమ్ము లాగి, కాయిల్ మీద రాసి ఉన్న వాట్లలో కింది అంకె నుంచి మొదలుపెట్టండి. పాడ్‌లోనే కాయిల్ అతికి ఉంటే చుక్కలు వెయ్యడం కుదరదు. నింపి ఆ పది నిమిషాలూ ఆగడమే.

చలికాలంలో పది చాలదు, ఇరవై ఆగండి. వీజీ అంటే గ్లిజరిన్, చలికి చిక్కబడి దూదిలోకి నెమ్మదిగా దిగుతుంది. బరంపురం ఎండ అలవాటైన మనకి ఆ ఊహే రాదు. కోటు జేబులో చల్లబడ్డ ట్యాంక్‌ని బస్టాపులో తీసి వరసగా లాగితే మాడకేం చేస్తుంది? దమ్ముకీ దమ్ముకీ మధ్య పదిహేను ఇరవై సెకన్లు వదలండి. మాడు తగిలిందా, ఆపెయ్యండి. పొడి దూది మీద వేడి పెరిగితే లిక్విడ్ విడిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విషపదార్థాలు పుడతాయి. కాలిన దూదిని కడిగి మళ్లీ వాడే తెలివితేటలు వద్దు, ఆ కంపు ఏ నీళ్లకీ పోదు.

ఇక ఎంపిక. సిగరెట్‌లా ముందు నోట్లోకి లాగి తర్వాత లోపలికి తీసుకునేవాళ్లకి 0.8 నుంచి 1.2 ఓమ్ (కరెంటుని అడ్డుకునే కొలత) కాయిల్, సుమారు 10–18 వాట్లు, సగం పీజీ (వీజీ కంటే పల్చటి ప్రొపిలీన్ గ్లైకాల్) సగం వీజీ లిక్విడ్. సిగరెట్ నుంచి వచ్చినవాళ్లకి ఇదే సరిపోతుంది. హుక్కాలా నేరుగా ఊపిరితిత్తుల్లోకి లాగే 0.15–0.4 ఓమ్ కాయిళ్లు 40 వాట్లు పైన తింటాయి, 70 శాతం వీజీ అడుగుతాయి, సీసాలు ఖాళీ చేస్తాయి. వాటిలో మిల్లీలీటరుకి 20 మిల్లీగ్రాముల నికోటిన్ సాల్ట్ లిక్విడ్ పోశారంటే తల తిరిగి వాంతి ఖాయం, 3 చాలు. చిక్కటి లిక్విడ్ సన్న కన్నాల కాయిల్‌లో పోస్తే మాడుతుంది, పల్చటిది పెద్ద కన్నాల దాంట్లో పోస్తే కారుతుంది.

ఓమ్ కలిసిందని కాయిల్ కలిసినట్టు కాదు. ఆస్పైర్ కంపెనీ నాటిలస్ కాయిల్ వూపూ కంపెనీ పీఎన్‌పీ పాడ్‌లో కూర్చోదు. పాత కాయిల్ జేబులో వేసుకెళ్లి షాపులో చూపించండి, సిగ్గేం లేదు. తియ్యటి, ముదురు రంగు లిక్విడ్లు తీగ మీద నల్లటి పెంకు కడతాయి. అవి వాడితే వారానికే మార్చాల్సి రావచ్చు, తీపి తక్కువైతే రెండు వారాలు లాగించొచ్చు.

హాస్టల్ గదిలో వద్దు, ఆవిరికి కూడా అలారం మోగొచ్చు.

ఇంత అరిచాను గానీ ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఒకటో రెండో కాయిళ్లు అందరికీ మాడతాయి, మూడోదానికి చెయ్యి అదే తిరుగుతుంది. సరేలెండి, మాడిందని ఫోన్ చేస్తే తిట్టి అయినా చెప్తాం.

సెలవులకి ఇంటికెళ్లేటప్పుడు మాత్రం మిషన్, కాయిళ్లు, సీసాలు అన్నీ ఇక్కడే వదిలెయ్యండి. 2019 చట్టం ప్రకారం ఇండియాలోకి ఈ-సిగరెట్ తేవడం నేరం, మొదటిసారికే ఏడాది దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో. మన తీరంలో ముసలమ్మలు అడ్డచుట్ట కాల్చుకుంటే అడిగేవాడుండడు. మీ బ్యాగ్ భువనేశ్వర్‌లో దిగినా, విశాఖలో దిగినా స్కానర్ అడుగుతుంది.