కాలేయ క్యాన్సర్: ఆపరేషనా, మార్పిడా? సర్జన్‌ను కలిసే ముందు చూసుకోవలసినవి

కాలేయంలోనే పుట్టిన క్యాన్సర్ అని తేలగానే కర్నూలు నుంచి హైదరాబాదుకో, అనంతపురం నుంచి బెంగళూరుకో బయలుదేరే కుటుంబాలు ముందుగా అడిగేది గడ్డ తీసేయవచ్చా అని. సర్జన్ చూసేది మాత్రం, తీశాక మిగిలే కాలేయం మనిషిని నిలబెడుతుందా అని. అందువల్ల మూడు దశల సీటీ స్కాన్ సీడీ (ఫిల్మ్ ఒక్కటే చాలదు), ఏఎఫ్‌పీ (కాలేయ క్యాన్సర్‌ను సూచించే రక్త పరీక్ష), బిలిరుబిన్, అల్బుమిన్, ఐఎన్ఆర్ (కాలేయం పనితీరు చెప్పే రక్త పరీక్షలు), ప్లేట్‌లెట్లు, హెపటైటిస్ బీ, సీ రిపోర్టులను తేదీల వరుసలో ఒకే కవరులో పెట్టుకోవాలి. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) ఉన్నవారిలో స్కాన్‌తోనే రోగం తేలిపోవచ్చు. బయాప్సీలో, అంటే సూదితో ముక్క తీసి పరీక్షించడంలో, ఆ సూది దారిలో క్యాన్సర్ కణాలు పాకే ప్రమాదం కొంత ఉంది కనుక, ఆపరేషన్ చేసే బృందాన్ని అడగకుండా దానికి తొందరపడకూడదు.

సిర్రోసిస్ లేకుంటే, గడ్డ ఉన్న భాగాన్ని కోసి తీయడమే మొదటి మార్గం. ఆరోగ్యవంతమైన కాలేయం పావు వంతు మిగిలినా కోలుకోగలదు, సిర్రోసిస్ ఉంటే దాదాపు 40 శాతం మిగలాలి. అంత మిగలదనుకుంటే, తీయబోయే వైపుకు రక్తం తెచ్చే పోర్టల్ సిరను ముందే మూసి, రెండో వైపు పెరిగేదాకా కొన్ని వారాలు ఆగుతారు. కామెర్లు, పొట్టలో నీరు ఉన్నవారికి ఈ కోత సాధారణంగా పనికిరాదు.

అటువంటివారికి కాలేయ మార్పిడి మేలు, ఎందుకంటే గడ్డతో పాటు, కొత్త గడ్డలు పుట్టించే సిర్రోసిస్ కూడా పోతుంది. 1996 నాటి మిలాన్ ప్రమాణాల ప్రకారం గడ్డ ఒకటే అయితే 5 సెంటీమీటర్లు, మూడు వరకు ఉంటే ఒక్కొక్కటి 3 సెంటీమీటర్లు దాటకూడదు, రక్తనాళాల్లోకి గానీ ఇతర అవయవాలకు గానీ పాకి ఉండకూడదు. కొన్ని కేంద్రాలు ఈ హద్దును కొంత సడలిస్తున్నాయి.

దాత విషయమే అసలు చిక్కు. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు, తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనవలు, మనవరాళ్లు చట్టం దృష్టిలో దగ్గరి బంధువులు. మేనల్లుడో బావమరిదో ఎంత ప్రేమతో ముందుకొచ్చినా అనుమతి కమిటీ ముందుకు వెళ్లాల్సిందే. ఆధార్‌లో ఒక తీరుగా, రేషన్ కార్డులో మరో తీరుగా ఉన్న ఇంటిపేరును ముందే సరిచేయించుకోవడం మంచిది. దాతకు ఫ్యాటీ లివర్ ఉంటే నిరాశ పడనక్కరలేదు, బరువు తగ్గించి మళ్లీ పరీక్షించమని అడగాలి. ఇంట్లో దాత లేకుంటే, తెలుగు రాష్ట్రాల్లో అయితే, మార్పిడి చేసే ఆసుపత్రి ద్వారానే జీవన్‌దాన్‌లో (మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం) పేరు నమోదు చేయించాలి. ఎదురుచూపులో గడ్డ పెరగకుండా టేస్ (గడ్డకు వెళ్లే రక్తనాళంలోకి మందు పంపి దాన్ని మూయడం), అబ్లేషన్ (సూదితో గడ్డను కాల్చడం) చికిత్సలు చేస్తారా, మళ్లీ స్కాన్ ఎప్పుడని ఆ రోజే అడిగి రాయించుకోవాలి.