బ్రాంచి తేలని పిల్లలు కాలేజీ ఎస్సే రాయాలంటే

కావలి నుంచో కందుకూరు నుంచో పిల్లలతో కొత్తగా అమెరికా వచ్చి, వాళ్లు పదకొండో తరగతిలో చేరితే, ఏడాది తిరక్కుండానే మీ ఇంట్లో కాలేజీ దరఖాస్తుతో పాటు పంపాల్సిన ఈ ఎస్సే గొడవ మొదలవుతుంది. మన దగ్గర ఈఏపీసెట్ ర్యాంకు వస్తుంది, వెబ్ ఆప్షన్లు పెడతాం, ర్యాంకును బట్టి కాలేజీ, బ్రాంచి వస్తాయి. "నీకు ఇంజనీరింగ్ ఎందుకు?" అని ఎవరూ అడగరు. ఇక్కడ అడుగుతారు, అదీ రాసిమ్మంటారు.

పోయినేడు మా ఇంటికి వచ్చిన ఒక నెల్లూరు కుటుంబంలో ఇదే టెన్షన్. తండ్రేమో "కంప్యూటర్ సైన్స్ అని రాసేయ్ అబ్బయ్యా, తర్వాత చూసుకుందాం" అంటాడు. పిల్లాడికి ఏ బ్రాంచి కావాలో తెలియదు. తెలియదని రాస్తే సీటు రాదేమోనని భయం.

ముందు ఏ యూనివర్సిటీ పద్ధతి ఏమిటో చూసుకోండి. పర్‌డ్యూ, వర్జీనియా టెక్ లాంటి చోట్ల ఇంజనీరింగ్‌లో చేరిన వాళ్లకు మొదటి ఏడాది ఉమ్మడి చదువే, బ్రాంచి తర్వాత. టెక్సస్ ఎ అండ్ ఎంలోనూ అంతే, కాకపోతే కోరిన బ్రాంచి దొరకడం ఆ ఏడాది మార్కుల మీద ఆధారపడుతుంది. జార్జియా టెక్ మాత్రం ఎంచుకున్న మేజర్ (అంటే బ్రాంచి) గురించే అడుగుతుంది. ఇక "ముందు ఏదో బ్రాంచిలో చేరితే చాలు, తర్వాత మారొచ్చు" అనే తండ్రులకు ఒక మాట: వేరే బ్రాంచిలో చేరి కంప్యూటర్ సైన్స్‌కు మారడం చాలా చోట్ల కష్టం.

చాలా కాలేజీలకు ఒకేచోట దరఖాస్తు పెట్టుకునే కామన్ యాప్ ఏటా ఆగస్టు 1న తెరుచుకుంటుంది. అందులో ప్రధాన ఎస్సే 250 నుంచి 650 పదాలు. అందులో ఇంజనీరింగ్ మాటే అక్కర్లేదు. "ఇంజనీరింగ్ ఎందుకు?" అన్న ప్రశ్న ఒక్కో యూనివర్సిటీ విడిగా అడిగే చిన్న ఎస్సేలలో వస్తుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) క్యాంపస్‌లది వేరే దరఖాస్తు: 8 ప్రశ్నల్లో 4 ఎంచుకుని, ఒక్కోదానికి 350 పదాలు దాటకుండా రాయాలి.

ఇక ఆ పిల్లాడి సంగతి. మొదటి డ్రాఫ్టులో "చిన్నప్పటి నుంచి నాకు మెషిన్లంటే ప్రాణం" అని ఉంది, చివర్లో కలాం గారి కొటేషను. ఎవరి పేరు పెట్టినా చెల్లిపోయే ఎస్సే. పక్కన పెట్టి కబుర్లలోకి దించితే, సెలవుల్లో తాతగారి రొయ్యల గుంటల దగ్గర గడిపిన రోజుల గురించి చెప్పాడు. రాత్రిపూట నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతూ పోతుంది, తెల్లవారుజామున మరీ తక్కువ. సరిగ్గా అప్పుడే కరెంటు పోయి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరియేటర్లు ఆగిపోతే పంటంతా పోవచ్చు. ఒక రాత్రి అలాగే జరిగిందట, చీకట్లో జనరేటర్ దగ్గరికి పరుగెత్తారట.

ఇదే రాయమన్నాను. ఏరియేటర్‌లో తిరిగే రెక్కలు మెకానికల్, మోటారూ జనరేటరూ ఎలక్ట్రికల్. ఆక్సిజన్ ఎందుకు తగ్గిందన్నది పర్యావరణ ఇంజనీరింగ్‌కు దగ్గర, తగ్గగానే తాత ఫోనుకు కబురు పంపే మీటరు ఎలక్ట్రానిక్స్. నాలుగు బ్రాంచీలూ ఒక్క గుంటలోనే ఉన్నాయి. వీటిలో తనది ఏదో తేల్చుకోవడానికే ఉమ్మడి మొదటి ఏడాది కావాలని రాస్తే, బ్రాంచి తెలియకపోవడం లోటుగా కనిపించదు. ఆ యూనివర్సిటీలో నిజంగా ఉన్న ఒక ల్యాబో కోర్సో వాళ్ల వెబ్‌సైట్‌లో వెతికి దీనికి ముడిపెట్టాలి. ఊరికే పొగిడితే లాభం లేదు.

మీది కనిగిరి వైపైతే ఫ్లోరైడు నీళ్ల గురించి, చీమకుర్తి అయితే గ్రానైట్ కోత గురించి రాయొచ్చు. కానీ పిల్లలు కళ్లారా చూసి ఉండాలి. మీరు చూసింది వాళ్లు చూసినట్టు రాయించకండి. డబ్బు తీసుకుని రాసిపెట్టే వాళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు. రాసింది తనదేనని పిల్లాడే సంతకం చేయాలి.

ఇంగ్లీషులో కూర్చుంటే మాట పెగలని పిల్లలు ముందు ఆ కథ ఫోనులో అమ్మమ్మకో తాతకో తెలుగులో చెప్పాలి. ఆ నెల్లూరు పిల్లాడు కూడా తాను రాసింది తాతకు ఫోనులో తెలుగులో చెప్పి వినిపించాడు. "జనరేటర్ నేను స్టార్ట్ చేశాను" అన్న చోట తాత ఆపి, "స్టార్ట్ చేసింది నేను గదరా, నువ్వు టార్చిలైటు పట్టుకున్నావు" అన్నాడు. వాడు ఆ వాక్యం కొట్టేసి, టార్చిలైటు పట్టుకున్నానని రాశాడు. చేతులు వణుకుతుంటే వెలుగు జనరేటర్ మీద నిలవలేదని ఇంకో వాక్యం కూడా చేర్చాడు.