బోరు నీళ్ల ఇంట్లో గీజర్: బతుకమ్మ సెలవుల్లో నా పని

హనుమకొండ నయీంనగర్‌లో మాది మూడు పోర్షన్ల ఇల్లు. కింద మేముంటాం, పైన రెండింట్లో యూనివర్సిటీ పిల్లలు. మూడు బాత్రూముల్లో మూడు గీజర్లు, మూడింటికీ ఒకటే బోరు. ఆ నీళ్లెట్లాంటివో మా బకెట్ల అంచున పట్టిన తెల్ల పట్టీ చూస్తే తెలుస్తుంది. అదే సున్నం గీజర్ లోపల నీళ్లు కాచే కాయిల్‌కీ పడుతుంది. నీళ్లు ఎంత వేడెక్కితే అంత తొందరగా పడుతుంది. అందుకే నేను గీజర్ నాబ్‌ను ఎప్పుడూ చివరిదాకా తిప్పను, 55 డిగ్రీల దగ్గర ఆపుతాను. స్నానానికి ఎట్లాగూ చన్నీళ్లు కలుపుకునేదే కదా.

బతుకమ్మ సెలవులకు పిల్లలు ఊళ్లకు పోతారు. చలి ఇంకా మొదలవదు. గీజర్లను రోజుకొకటి చొప్పున విప్పి సున్నం తీయడానికి అంతకన్నా మంచి సమయం లేదు. డిసెంబరులో పాడైతే ఎలక్ట్రీషియన్ ఫోన్ ఎత్తడు, పైనుంచి పిల్లలు "ఆంటీ, నీళ్లు కాగట్లేదు" అని పొద్దున ఆరింటికే తలుపు కొడతారు.

లోపల సున్నం నిండిందని గీజరే చెబుతుంది. ఆన్ చేయగానే పేలాలు వేగుతున్నట్టు చిటపటమంటుంది. ఇదివరకు అరగంటలో కాగే నీళ్లకు ముప్పావుగంట పడుతుంది. 2000 వాట్ల గీజర్ 25 లీటర్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 35 నిమిషాలు తీసుకోవాలి, ఒక యూనిట్‌కు కాస్త పైన కరెంటు కాలాలి. మీ ఇంట్లో ఒకసారి గడియారం పెట్టి చూడండి.

ఇక విప్పే పద్ధతి. గ్యారంటీ ఉన్న గీజర్‌ను ముట్టుకోకండి, కంపెనీవాళ్లనే పిలవండి. నేను ట్యాంకు పని చేస్తాను గానీ వైర్లు విప్పడం, కలపడం మాత్రం ఎలక్ట్రీషియన్ తమ్ముడి చేతనే చేయిస్తాను. "అక్కా, అన్నీ నువ్వే చేస్తే నాకెందుకు ఫోన్" అని నవ్వుతాడు, కానీ నాకు కరెంటంటే భయమే. ముందు ఎంసీబీ, అంటే మీటర్ బోర్డులో ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్, దింపాలి. గోడ మీది స్విచ్ ఆపి ఊరుకుంటే చాలదు. నీళ్లు చల్లారాక లోపలికి వచ్చే వాల్వ్ కట్టేసి, లోపలికి గాలి పోయేలా వేడినీళ్ల నల్లా తెరిచి, చన్నీళ్లు వచ్చే పైపు గీజర్ దగ్గర విప్పి ట్యాంకు ఖాళీ చేయాలి. కింది మూత తీసి, వైర్లు విప్పకముందే ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. బోల్టులు విప్పితే కాయిల్ బయటికి వస్తుంది. మొదటిసారి మా దానిలోంచి అర చాటెడు తెల్ల పెచ్చులు రాలాయి.

ఆ కాయిల్‌ను కత్తితో గీకకండి, పైపొర పోతుంది. బాత్రూమ్ కడిగే యాసిడ్ అసలే వద్దు. కిరాణా కొట్టులో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి, వైర్లు తగిలించే పైభాగం తడవకుండా, కాయిల్ మాత్రం మునిగేలా నిలబెట్టండి. రెండు మూడు గంటలకు సున్నం మెత్తబడుతుంది, పాత టూత్‌బ్రష్‌తో పోతుంది.

కాయిల్ పక్కనే ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. యానోడ్ రాడ్ అంటారు. కొన్నాక చాలా ఏళ్లు దాని సంగతి నాకెవరూ చెప్పలేదు. ట్యాంకును తినాల్సిన తుప్పు ముందుగా ఈ కడ్డీని తింటుంది. అరిగి లోపలి సన్న తీగ కనబడితే కొత్తది వేయాలి. రబ్బరు వాషర్ కూడా విప్పిన ప్రతిసారీ కొత్తదే వేయండి, పాతది మళ్లీ బిగిస్తే మర్నాటికి చుక్కలు మొదలవుతాయి.

బిగించాక తొందరపడొద్దు. వేడినీళ్ల నల్లా తెరిచి, బుసబుసలు ఆగి ధార నిలకడగా వచ్చేదాకా నీళ్లు నింపాలి. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది. కింద పొడిగుడ్డతో తుడిచి, తడి లేదనుకున్నాకే ఎంసీబీ ఎత్తండి.

గీజర్ పక్కన చిన్న వాల్వ్ నుంచి కాగేటప్పుడు ఒకటి రెండు చుక్కలు రాలుతుంటే కంగారు పడకండి. నీళ్లు వేడికి ఉబ్బుతాయి, ఆ ఒత్తిడి పోయే దారి అదే. ఒకసారి ఒక ప్లంబర్ "లీకేజీ బంద్ చేశా మేడమ్" అని ఆ రంధ్రానికి ప్లగ్ బిగించి డబ్బులు తీసుకుని పోయాడు. నాకప్పుడు తెలియదు, థాంక్స్ కూడా చెప్పాను. తర్వాత ఎలక్ట్రీషియన్ తమ్ముడు చూసి, మాట్లాడకుండా ముందు ఎంసీబీ దింపి, ఆ తర్వాత నన్ను తిట్టాడు. నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ కూడా చెడి నీళ్లు మరుగుతూనే ఉంటే ఆవిరికి దారి లేక ట్యాంకే పేలుతుందట. ఆ వాల్వ్‌ను ఎవరినీ మూయనివ్వకండి. కాగనప్పుడు కూడా ధారగా కారుతుంటే మాత్రం వాల్వ్ మార్చాల్సిందే.

మిగతావి త్వరగా చెబుతాను. లైటు వెలిగినా నీళ్లు చల్లగానే ఉంటే ఎక్కువగా కాయిల్ పోయినట్టు. లైటే రాకపోతే మొదట ప్లగ్గు, ఎంసీబీ చూడాలి, తర్వాత కటౌట్, అంటే నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు తెంపేది. మూత కింద దాని చిన్న బటన్ ఉంటుంది, కరెంటు తీసేసి నొక్కితే మళ్లీ పనిచేస్తుంది. మళ్లీ పడిపోతే థర్మోస్టాట్ చూపించాలి. ఆన్ చేయగానే ట్రిప్ అవుతుంటే కాయిల్ పగిలి నీళ్లలోకి కరెంటు దిగుతుండొచ్చు, పదేపదే ఎత్తొద్దు. నల్లా ముట్టుకుంటే చిమచిమలాడితే ఆ రోజు స్నానం మానేసి ఎర్తింగ్ చూపించండి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ లేని ఇంట్లో అది పెట్టించాకే గీజర్ సంగతి. 2000 వాట్లంటే దాదాపు 9 యాంపియర్లు లాగుతుంది, 16 యాంపియర్ల సాకెట్ తప్ప వేరేది వద్దు. మా పైపోర్షన్ అబ్బాయి ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టి ప్లగ్గు కరిగించాడు.

గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లకు ఒకటే మాట: తలుపులు మూసిన బాత్రూమ్‌లో పెట్టొద్దు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషి పడిపోయేదాకా తెలియదు.

ట్యాంకే చిల్లు పడితే రిపేరు లేదు, కొత్తది కొనాల్సిందే. కడ్డీ సంగతి తెలియక మా మొదటి గీజర్ అలాగే పోయింది. పాత ఇనుప సామాను అతను దాన్ని ఎత్తి చూసి "శానా బరువుందమ్మా" అన్నాడు. లోపలి సున్నంతో సహా తూచి కిలోల లెక్కన డబ్బులిచ్చాడు.