పాత కారులోకి వాన నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో పట్టుకోవడం ఎలా?

వాన పడ్డ మర్నాడు కారు తలుపు తీయగానే గుప్పుమని ముక్కవాసన కొడుతోందా? పొద్దున్నే అద్దాలకు లోపలివైపు ఆవిరి పట్టి, ఎంత తుడిచినా మళ్లీ పడుతోందా? అయితే ఎక్కడి నుంచో నీళ్లు లోపలికి దిగుతున్నట్టే. ఇలాంటప్పుడు చాలామంది ఒక సిలికాన్ ట్యూబు తెచ్చి అనుమానం వచ్చిన ప్రతి సందుకీ పూసేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దారి తెలియకుండా పూస్తే అసలు చిల్లు అలాగే ఉంటుంది, పైగా నీళ్లు బయటికి పోవడానికి కారు తయారుచేసినవాళ్లు వదిలిన కంతలు కూడా పూడిపోయి, ఇంతకుముందు కంటే ఎక్కువ నీళ్లు లోపల నిలుస్తాయి.

నీరు పల్లమెరుగు అంటారు కదా, ఈ పని మొత్తానికీ గుర్తుపెట్టుకోవాల్సిన మాట అదే. తడి కనిపించేది పల్లంలో, చిల్లు ఉండేది ఎక్కడో పైన. ముందు అద్దం పై మూలలో దిగిన నీటి చుక్క పక్కనున్న పిల్లర్ (పైకప్పును మోసే నిలువు స్తంభం) ప్లాస్టిక్ వెనకగా జారి, వైర్ల కట్టను పట్టుకుని డాష్‌బోర్డు కిందికి వచ్చి, అక్కడి నుంచి కార్పెట్ అడుగునే నడిచి వెనక సీట్లో కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర తేలుతుంది. కారును వాలులో ఆపితే తడి ఉండే చోటు కూడా మారిపోతుంది. అందుకే వెతకడం మొదలుపెట్టేముందు బండిని చదునైన నేల మీద పెట్టండి.

ముందు తేల్చుకోండి: అది వాన నీళ్లేనా?

వాన లేని రోజుల్లో కూడా తడి వస్తోందంటే అనుమానం ఏసీ మీదికి వెళ్లాలి. ఏసీ నడుస్తున్నప్పుడు లోపల చేరే నీళ్లు ఒక చిన్న గొట్టం ద్వారా బండి కిందికి కారిపోవాలి. ఆ గొట్టం మూసుకుపోతే నీళ్లు వెనక్కి తన్ని డాష్‌బోర్డు కింద కార్పెట్ మీద పడతాయి. ఏసీ కాసేపు వేసి బండి ఆపి ఉంచండి. గాలిలో తేమ బాగా ఉన్న రోజున కూడా కింద ఒక్క చుక్క పడకపోతే ఆ గొట్టం చూడాల్సిందే.

తడి జిగటగా ఉండి, తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దం మీద నూనె పూసినట్టు పొర కడుతుంటే అది కూలెంట్, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం. కారు లోపలికి వెచ్చటి గాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతోందన్నమాట. దాన్ని నాన్చకుండా మెకానిక్‌కు చూపించండి, పిల్లల్నీ పెంపుడు జంతువుల్నీ ఆ తడికి దూరంగా ఉంచండి, అది విషం. హ్యాచ్‌బ్యాక్ కార్లలో ఇంకో సంగతి ఉంది. వెనక వైపరుకు నీళ్లు తీసుకెళ్లే సన్నటి గొట్టం పైకప్పు పక్కగా వెళ్తుంది, అది ఎక్కడో ఊడిపోతే వెనక వాషర్ నొక్కిన ప్రతిసారీ లోపలే కారుతుంది.

లోపల విప్పి చూడండి

మ్యాట్లు తీసేయండి. ఇప్పుడు కార్పెట్ మీద అరచెయ్యి ఆనిస్తే పొడిగా తగలొచ్చు, అంతటితో వదిలేయకండి. మీ బరువంతా వేసి ఒకే చోట గట్టిగా అదిమి పట్టుకోండి, వేళ్ల మధ్య నుంచి నీళ్లు ఊరతాయి. కార్పెట్ కింద మందపాటి ఫోమ్ ఉంటుంది, అది నీళ్లు పీల్చుకుని వారాల తరబడి వదలదు, పైన మాత్రం ఆరిపోయినట్టే కనిపిస్తుంది. ముక్కవాసన వచ్చేదీ, నేల రేకును తినేసేదీ ఈ ఫోములో దాక్కున్న తడే.

గడప దగ్గరుండే ప్లాస్టిక్ పట్టీ చాలా కార్లలో క్లిప్పుల మీదే ఉంటుంది, మెల్లగా పైకి లాగితే వస్తుంది. అది తీస్తే కార్పెట్ అంచు పైకెత్తి చెయ్యి దూర్చవచ్చు. పాత కార్లలో ఈ క్లిప్పులు ఎండిపోయి టప్పున విరుగుతాయి, నాలుగు అదనంగా తెచ్చిపెట్టుకోండి.

ఇక్కడ జాగ్రత్త అవసరమైన సంగతి ఒకటుంది. కొన్ని కార్లలో సీటు కిందో, కార్పెట్ అడుగునో ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు ఉంటాయి, సీటు కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు మామూలుగా ఎయిర్‌బ్యాగ్‌వి. అవి తడిసినట్టు కనిపించినా, సీటు విప్పాల్సి వచ్చినా ముందు ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కనీసం 10 నిమిషాలు ఆగండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు తొడుగున్న కేబుళ్ల జోలికి అసలు వెళ్లకండి.

ఇప్పుడు టార్చ్ పట్టుకుని జాడలు చూడండి. నీళ్లు పదే పదే పారిన చోట సన్నటి మట్టి గీతో, ఆరిపోయిన తెల్లటి చారో, తుప్పు చారో మిగులుతుంది. ఆ గీత పట్టుకుని పైకి వెళ్లండి, ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ అనుమానం మొదలవ్వాలి. పైకప్పు గుడ్డకు గోధుమరంగు మరకలుంటే నీళ్లు పైనుంచే వస్తున్నాయి: సన్‌రూఫ్, యాంటెనా అడుగు రబ్బరు, రూఫ్ రెయిళ్ల బోల్టులు, పైకప్పు అంచుల్లో పట్టీ కింద ఉండే అతుకు. ఈ అతుకుల్లో వేసిన సీలర్ ఏళ్లు గడిచేకొద్దీ ఎండి పగుళ్లిస్తుంది.

నీళ్లు పోయకముందే చూడాల్సిన చోట్లు

బానెట్ తెరిచి వైపర్ల కింద ఉన్న తొట్టిలాంటి భాగం చూడండి. ముందు అద్దం మీద పడ్డ వానంతా అందులోకే దిగి, రెండు పక్కలా ఉన్న దారుల గుండా కిందికి పోవాలి. చెట్ల కింద ఆపే బండ్లలో ఆకులు కుళ్లి బురదై ఆ దారుల్ని మూసేస్తాయి, నీటిమట్టం పెరిగి, క్యాబిన్‌లోకి గాలి లాక్కునే కంత దాకా వచ్చి, బ్లోయర్ (లోపలికి గాలి తోసే ఫ్యాను) గుండా లోపలికి దిగుతుంది. బ్లోయర్ ఉన్న వైపు కాళ్ల దగ్గర తడి ఉంటే, క్యాబిన్ ఫిల్టర్ తీసి చూస్తే అది కూడా తడిసి ఉంటే, దాదాపు ఇదే కారణం. చేత్తో ఆకులు ఏరేసి, ఒక చెంబు నీళ్లు పోసి కింద రెండు చక్రాల దగ్గరా కారుతున్నాయో లేదో చూడండి.

తలుపుల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది రబ్బరు బీడింగునే అనుమానించి దాన్ని మార్చేస్తారు, లీకు మాత్రం అలాగే ఉంటుంది. కిటికీ అద్దం దిగే సందులోంచి తలుపు లోపలికి వాన నీళ్లు వెళ్లడం మామూలే, అది లోపం కాదు. ఆ నీళ్లు తలుపు అడుగున ఉన్న కంతల నుంచి బయటికి పోతాయి. లోపలి ప్యానెల్ వెనక ఒక ప్లాస్టిక్ పొర అంటించి ఉంటుంది, తలుపులో జారే నీళ్లు క్యాబిన్ వైపు రాకుండా ఆపేది అదే. స్పీకర్లు మార్చడానికో, పవర్ విండో మోటారు బాగుచేయడానికో ఎప్పుడో ఎవరో ప్యానెల్ విప్పి, ఆ పొరను చింపేసో, సరిగా అంటించకుండానో మూసేసి ఉంటారు. పొర కింది అంచు కాస్త ఊడినా చాలు, నీళ్లు ప్యానెల్ వెనకగా దిగి గడప లోపలి వైపు పడతాయి. కాబట్టి తలుపు తెరిచినప్పుడు గడప మీద, రబ్బరుకు లోపలి పక్కన నీటి బొట్లు కనిపిస్తే ముందు ఈ పొరనే చూడండి. అడుగు కంతల్ని చెక్కపుల్లతో శుభ్రం చేయండి, ఇనప చువ్వ పెడితే రంగు లేచి తుప్పు మొదలవుతుంది.

సన్‌రూఫ్ ఉంటే దాని రబ్బరు నీళ్లను పూర్తిగా ఆపుతుందని అనుకోవద్దు. దాటి వచ్చిన నీళ్లు కింద ఉన్న ట్రేలో పడి, మూలల్లోని గొట్టాల గుండా పిల్లర్ల లోపల నుంచి కిందికి పోతాయి. ఒక్కో మూలలో కొద్దిగా నీళ్లు పోసి, అవి బండి కింద బయటపడుతున్నాయో లేదో చూడండి. మూసుకుపోతే సన్నటి, మెత్తటి నైలాన్ తీగ మెల్లగా పంపించండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టకండి, లోపల గొట్టం జాయింటు ఊడిపోతే ఆ నీళ్లన్నీ పైకప్పు లోపలికే వస్తాయి.

డిక్కీలో అయితే స్టెప్నీ తీసి కింద గుంట చూడండి. అక్కడ నీళ్లు నిలిచి ఉంటే వెనక లైట్ల గ్యాస్కెట్లు (లైటుకీ రేకుకీ మధ్య ఉండే సీళ్లు), డిక్కీ రబ్బరు, పైనుండే మూడో బ్రేక్ లైటు, డిక్కీ తలుపులోకి వైర్లు వెళ్లే రబ్బరు గొట్టం, కారు లోపలి గాలి బయటికి పోవడానికి వెనక బంపర్ లోపల దాగి ఉండే వెంట్లు, వీటిలో ఏదో ఒకటి. ఈ వెంట్ల సంగతి చాలామందికి తెలియదు, వాటి చుట్టూ రబ్బరు ఎండిపోతే చక్రం చిమ్మిన నీళ్లు కూడా లోపలికి వస్తాయి.

ముందు అద్దం ఎప్పుడైనా మార్చారా? మార్చి ఉంటే దాన్ని అనుమానాల్లో ముందు వరసలో పెట్టండి. అద్దం అంటించిన జిగురు ఎక్కడైనా తెగినా, కింద రేకు తుప్పుపట్టి ఉబ్బినా నీళ్లు దిగుతాయి.

ఇద్దరు కలిసి గొట్టంతో పరీక్ష

పైన చెప్పినవి చూసినా తేలకపోతే, తేలినా నిర్ధారించుకోవాలంటే, నీళ్లు పోసి చూడాల్సిందే. లోపల ముందుగా ఆరబెట్టుకోండి, లేకపోతే పాత తడికీ కొత్త తడికీ తేడా తెలియదు. ఒకరు టార్చ్ పట్టుకుని లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట. ప్రెషర్ వాషర్ వద్దు, అది బాగున్న రబ్బరు దాటుకుని కూడా నీళ్లు లోపలికి తోసేసి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. మామూలు గొట్టంతో మెల్లగా జారేలా పోయండి.

కింది నుంచి పైకి వెళ్లండి, ఈ వరస ఎట్టి పరిస్థితుల్లోనూ తిరగేయొద్దు. మొదటే పైకప్పు మీద పోశారంటే నీళ్లు కారంతా పారతాయి, లోపల చుక్క పడినా ఎక్కడిదో చెప్పలేరు. మొదట తలుపు కింది భాగం, తర్వాత కిటికీ అంచు, ఆ తర్వాత ముందు అద్దం కింద, పక్కలు, పైన, చివరికి పైకప్పు. ఒక్కోచోట 5 నుంచి 10 నిమిషాలు పోయండి. ఓపిక లేక గబగబా ముందుకు వెళితే ఇప్పుడు పడ్డ చుక్క ఇందాకటి చోటుదా, ఇప్పటి చోటుదా అన్న అయోమయం మిగులుతుంది. లోపలున్నవాళ్లు అతుకుల వెంట టిష్యూ కాగితం అద్దుతూ ఉండాలి, చిన్న చెమ్మ కూడా దాని మీద ఇట్టే తెలుస్తుంది.

ఒక్కరే ఉంటే పొడిగా తుడిచిన రేకు మీద టాల్కం పౌడరు పలచగా చల్లి, నీళ్లు పోశాక వచ్చి చూడండి, నీళ్లు నడిచిన దారి గీతలా కనిపిస్తుంది. డిక్కీ లీకు కోసం ఎవరైనా లోపలికి దూరాల్సి వస్తే వెనక సీటు మడిచి క్యాబిన్ వైపు దారి తెరిచి ఉంచండి, తాళం బయటున్నవాళ్ల చేతిలో ఉండాలి, పిల్లల్ని మాత్రం దూరనివ్వకండి.

నిలబెట్టిన కారులో చుక్క పడట్లేదు కానీ వానలో నడిపితే తడుస్తోందంటే కింది నుంచి చిమ్మే నీళ్లను అనుమానించండి. చక్రాల గూళ్లలోకి నీళ్లు కొట్టి చూడండి. వైర్లు దూరే చోట ఉండే రబ్బరు రింగులు (గ్రోమెట్లు), నేల రేకులో ఉండే రబ్బరు బిరడాలు పాతబడి ఊడిపోతుంటాయి.

నీళ్లు లేకుండా చేసే రెండు పరీక్షలు

తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. చుట్టూ అన్నిచోట్లా కాస్త బిగుతుగా రావాలి. ఒకచోట మాత్రం సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు అణిగిపోయిందనో, తలుపు సరిగా కూర్చోవట్లేదనో అర్థం.

రెండోది సబ్బు నీళ్లతో. కిటికీలన్నీ మూసి, బయటి గాలి తీసుకునేలా పెట్టి బ్లోయర్ పూర్తి స్పీడులో వేయండి. లోపల గాలి ఒత్తిడి కొద్దిగా పెరుగుతుంది. బయట నుంచి అద్దాల అంచులకూ, రబ్బర్లకూ, లైట్ల చుట్టూ సబ్బు నీళ్లు స్ప్రే చేస్తే గాలి బయటికి వస్తున్న చోట బుడగలు లేస్తాయి. బంపర్ లోపలి వెంట్ల నుంచి గాలి రావడం సహజం, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

దొరికాక ఏం చేయాలి

తలుపు పొర అయితే పాత జిగురు తీసేసి బ్యూటైల్ టేపుతో (జిగటగా ఉండే రబ్బరు టేపు) అంటించండి, చిరిగితే కొత్త పొర వేయండి. లైటు గ్యాస్కెట్లు, గ్రోమెట్లు మార్చేయడమే మంచిది. రేకు అతుకులకు పగిలిన సీలర్ గీకేసి, తుప్పు శుభ్రం చేసి, కార్ల కోసమే వచ్చే సీమ్ సీలర్ వేసి పైన రంగు వేయాలి. పుల్లటి వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం రేకు దగ్గరికి తేవద్దు, అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం తుప్పును పెంచుతుంది, తర్వాత దాని మీద రంగూ నిలవదు. ముందు అద్దం పని సొంతంగా పెట్టుకోకండి. చాలా కార్లలో దృఢత్వానికి కూడా ఆ అద్దం ముఖ్యం, పైపైన పూత పూస్తే లోపల తుప్పు కొనసాగుతూనే ఉంటుంది, అద్దం తీసి మళ్లీ సరిగా అంటించాల్సిందే.

ఆరబెట్టడంలో తొందర పనికిరాదు. తలుపులు తీసి ఎండలో నిలబెడితే పైన గుడ్డ ఆరుతుందే కానీ ఫోము ఆరదు. వెట్ వాక్యూమ్‌తో వీలైనంత లాగేసి, కార్పెట్ కింద ఏదైనా దిమ్మ పెట్టి ఎత్తి, ఆ సందులోకి ఫ్యాను గాలి తగిలేలా రోజుల తరబడి ఉంచాలి. బాగా నానిపోతే సీట్లు విప్పి కార్పెట్ బయటికి తీయడమే నయం. అప్పటికే బూజు పట్టి, ఎంత ఆరబెట్టినా వాసన పోకపోతే ఆ ఫోము పారేసి కొత్తది వేయించండి.

బాగుచేశాక గడప పట్టీలు వెంటనే బిగించేయకండి. గొట్టంతో అదే చోట, అంతే సేపు మళ్లీ నీళ్లు పోసి చూడండి. ఆ తర్వాత రెండు మూడు గట్టి వానలు పడనిచ్చి, ప్రతిసారీ కార్పెట్ అంచు ఎత్తి ఫోము కింద చెయ్యి పెట్టి చూసి, పొడిగా ఉందని తేలాకే పట్టీలు బిగించండి.