దాటించే ఆబోతులో బాక్టీరియా జబ్బులు: సమస్య - పరిష్కారం

ఆవులు పదేపదే పొర్లుతున్నాయి (చూడి నిలవక మళ్ళీ ఎదకు వస్తున్నాయి), ఆబోతు మాత్రం నిక్షేపంగా ఉంది

ఒకే ఆబోతు దాటిన ఆవులు మామూలుగా 21 రోజులకు కాక 30, 35 రోజులకు మళ్ళీ ఎదకు వస్తూ, వాటిలో ఒకటి రెండు నాలుగైదు నెలల చూడితో ఈసుకుపోతే (గర్భస్రావమైతే), ముందుగా అనుమానించవలసింది కాంపైలోబాక్టర్ అనే బాక్టీరియాను. ఇది ఆబోతు శిశ్నపు తొడుగు ముడతల్లో కాపురముంటుంది. జ్వరం రాదు, వాపు కనబడదు, వీర్యం కూడా చిక్కగానే ఉంటుంది. వయసుతో ఆ ముడతలు లోతవుతాయి కనుక ముదురు ఆబోతులో ఏళ్ళ తరబడి నిలిచిపోగలదు.

దాటించడం వెంటనే ఆపి, వారం పది రోజుల విశ్రాంతి తరువాత, తొడుగు లోపల కడిగిన ద్రవాన్ని పశువైద్యుడి ద్వారా ల్యాబుకు పంపాలి. ఒక్క నెగెటివ్‌తో నిశ్చింత పడరాదు. వారం ఎడంతో మూడుసార్లు చేయించడం మేలు. నమూనా తీయకముందే యాంటీబయాటిక్ పొడిపించడం నా దృష్టిలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు, ఎందుకంటే అప్పుడు జబ్బు పోకపోయినా పరీక్షలో దొరకదు. చికిత్సతో నయమైన ఆబోతును అవే ఆవుల మీదికి వదిలితే మళ్ళీ అంటుకుంటుంది కాబట్టి, మందకు కొంతకాలం కృత్రిమ గర్భధారణే చేయించాలి.

వృషణం వాచింది

ఆరోగ్యమైన వృషణం రబ్బరు బంతిలా బిగువుగా ఉండి, తిత్తిలో అటూ ఇటూ జారుతుంది. ఒకవైపు వేడిగా, గట్టిగా తగిలి, చేయి పెట్టగానే ఆబోతు కాలు విసిరితే బ్రూసెల్లా అనే బాక్టీరియా కోసం పరీక్ష చేయించాలి. మందలో చూడి ఆవులు ఐదో నెల దాటాక ఈసుకుపోతుంటే అనుమానం బలపడుతుంది. తేలితే చికిత్సకు డబ్బు పోయకుండా ఆ ఆబోతును సంతానోత్పత్తి నుంచి శాశ్వతంగా తప్పించాలి. ఇది మనుషులకూ సోకుతుంది. ఈసుకుపోయిన ఆవు మాయను ఒట్టి చేతులతో తాకరాదు.

వీర్యంలో చీము తెట్టెలు

గాజు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తే తెట్టెలు కనిపిస్తాయి. తరచుగా ఇది వీర్యకోశ గ్రంథుల వాపు. మలద్వారం గుండా తడిమి నిర్ధారిస్తారు. కొన్ని ఆబోతుల వీర్యం రైబోఫ్లేవిన్ అనే విటమిన్ వల్ల సహజంగానే పసుపుగా ఉంటుంది, అది జబ్బు కాదు. తొలిదశలో సరైన యాంటీబయాటిక్ తగినన్ని రోజులు వాడితే ఫలితం ఉండవచ్చు, ముదిరితే ఆశ తక్కువే. కొత్త వీర్యకణాలు తయారు కావడానికి సుమారు 60 రోజులు పడుతుంది కనుక, చికిత్స ముగిసిన రెండు నెలల తరువాత చేయించిన వీర్యపరీక్షనే నమ్మాలి.