కొత్త ల్యాప్‌టాప్ కొనేముందు పాత కంప్యూటర్ తెరవండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్లున్న కంప్యూటర్లు చాలావరకు విండోస్ 11కి అర్హత లేనివే. కాబట్టి చాలామందికి ఇప్పుడు కొత్తది కొనక తప్పడం లేదు. షాపుకెళ్లి ‘ఏది మంచిది?’ అని అడిగితే, ఆ రోజు స్టాకు ఎక్కువున్నదే మంచిదవుతుంది. మీకేం కావాలో షాపువాళ్లకన్నా మీ పాత కంప్యూటర్‌కే బాగా తెలుసు. ముందు దాన్ని అడగండి.

పాతదాంట్లో చూడాల్సిన రెండు అంకెలు

మొదటిది స్థలం. సీ డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ తెరిచి, మీ పేరున్న ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ నొక్కండి. డీ డ్రైవ్‌లో దాచినవి కూడా దానికి కలపండి. మొత్తం 200 జీబీ లోపుంటే 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) సరిపోతుంది. 300 దాటితే 1 టీబీ తీసుకోండి. 512 జీబీది విండోస్‌లో 476 జీబీగానే కనిపిస్తుంది. అది మోసం కాదు, కంపెనీ వెయ్యి లెక్కన, విండోస్ 1024 లెక్కన కొలవడం వల్ల వచ్చే తేడా.

రెండోది ర్యామ్, అంటే తెరిచిన ప్రోగ్రాములు పనిచేసేందుకు వాడుకునే తాత్కాలిక మెమరీ. మీరు రోజూ వాడేవన్నీ, అంటే క్రోమ్ ట్యాబ్‌లు, ఎక్సెల్, టాలీ, జూమ్ ఒకేసారి తెరిచిపెట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, ఆపై మెమరీ చూడండి. వాడకం 6 జీబీ దాటుతుంటే 8 జీబీ ల్యాప్‌టాప్ కొనడం డబ్బు దండగ. కొత్తగా కొనేవారికి 16 జీబీయే మా సలహా.

షాపులో ఏం చూడాలి?

స్టిక్కర్ మీద ‘ఐ5’, ‘రైజెన్ 5’ అని ఉంటే చాలదు, మోడల్ నంబరు పూర్తిగా చదవాలి. ఏఎండీ 7000 వరుసలో మూడో అంకె అసలు తరాన్ని చెబుతుంది. ఆ తరాల పేరు జెన్. 7520యూ లోపలున్నది జెన్ 2, 7530యూ అయితే జెన్ 3, 7540యూ అయితే జెన్ 4. పేరులో ఒక్క అంకె తేడా, లోపల తరాల తేడా. ఇంటెల్‌లో చివర ‘యూ’ ఉంటే తక్కువ కరెంటు తాగేది, ‘హెచ్’ ఉంటే వేగం ఎక్కువ, వేడి కూడా ఎక్కువే. ఆఫీసు పనికి, పిల్లల చదువుకు ‘యూ’ చాలు.

ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చని సేల్స్‌మన్ అంటే ఆ మాట అక్కడే తేల్చుకోండి. డెమో పీస్‌లో టాస్క్ మేనేజర్ తెరిస్తే మెమరీ పేజీలో ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని వాడారో కనబడుతుంది. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే ర్యామ్ బోర్డుకే అతికించి ఉందని అర్థం. కొన్నింటిలో కొంత అతికించి, పక్కన ఒక ఖాళీ స్లాటు ఇస్తారు. కంపెనీ స్పెసిఫికేషన్ పేజీలో ఇది రాసి ఉంటుంది.

స్క్రీన్ ఐపీఎస్ రకందై ఉండాలి, పక్కనుంచి చూసినా దాని రంగులు పెద్దగా మారవు. టీఎన్ స్క్రీన్‌ను కాస్త పక్కకో పైకో వంచి చూస్తే రంగులు మారిపోతాయి. షాపులోనే వంచి చూడండి. వెలుతురు 300 నిట్స్ ఉంటే కిటికీ పక్కన కూర్చున్నా అక్షరాలు కనిపిస్తాయి. వీలైతే యూఎస్‌బీ-సీ ద్వారా చార్జ్ అయ్యేది తీసుకోండి. చార్జర్ పాడైతే ఆ కంపెనీ పిన్నే వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు. మిగతా ఆర్భాటాలకు, అంటే వేలిముద్ర సెన్సరు, రంగుల కీబోర్డు లైట్లు వగైరాలకు అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు.

ఫైళ్ల తరలింపు

పాతదాన్నుంచి నేరుగా కొత్తదాంట్లోకి కాకుండా, మధ్యలో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టుకోండి. తరలింపు పూర్తయ్యాక కూడా ఒక కాపీ అందులో మిగులుతుంది.

1. డిస్క్ ఏ ఫార్మాట్‌లో ఉందో ప్రాపర్టీస్‌లో చూడండి. ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. పెళ్లి వీడియోలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. డిస్క్ ఖాళీదైతే ఎన్‌టీఎఫ్‌ఎస్ లేదా ఎక్స్‌ఫ్యాట్‌కు ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేస్తే అందులో ఉన్నవి పోతాయి.

2. వన్‌డ్రైవ్ వాడుతుంటే, ఫైళ్ల పక్కన మేఘం గుర్తు ఉందేమో చూడండి. ఆ గుర్తున్నవి కంప్యూటర్‌లో లేవు, పేర్లు మాత్రమే ఉన్నాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ నొక్కి, అన్నీ దిగేదాకా ఆగండి.

3. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్, ఆపై డీ డ్రైవ్. వీటిని కాపీ చేయండి, కట్ చేయవద్దు. కట్ చేస్తుండగా మధ్యలో కరెంటు పోతే కొన్ని ఇక్కడ, కొన్ని అక్కడ, ఒకటి రెండు ఎక్కడా లేకుండా తయారవుతాయి. టాలీ, ఔట్‌లుక్ వాడేవారు వాటి డేటా ఫోల్డర్ ఎక్కడుందో ఆ ప్రోగ్రామ్ సెట్టింగుల్లోనే చూసుకోవాలి. అది ఈ ఫోల్డర్లలో ఉండకపోవచ్చు.

4. యూఎస్‌బీ 2.0 పోర్టులో వేగం సెకనుకు సుమారు 30 ఎంబీ. ఆ లెక్కన 100 జీబీకి గంట పడుతుంది. వేలకొద్దీ చిన్న ఫొటోలైతే ఇంకా ఎక్కువే. లోపల నీలం రంగున్న పోర్టు సాధారణంగా యూఎస్‌బీ 3, ఉంటే అందులో పెట్టండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీయకండి, స్లీప్‌లోకి పోకుండా సెట్టింగ్ మార్చండి.

5. పూర్తయ్యాక రెండుచోట్లా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్యనూ, సైజునూ పోల్చండి. ‘సైజ్ ఆన్ డిస్క్’ను పట్టించుకోవద్దు, ఫార్మాట్‌ను బట్టి అది మారుతుంది. సంఖ్య తగ్గిందంటే కారణం చాలాసార్లు ఫోల్డర్‌లో ఫోల్డర్ పెట్టుకుంటూ పోవడమే. ఫైలు దారి, అంటే ఫోల్డర్ల పేర్లు, ఫైలు పేరు మొత్తం కలిపి 260 అక్షరాలు దాటితే విండోస్ మొరాయిస్తుంది. పైనున్న ఫోల్డర్ల పేర్లు కుదించి మళ్లీ కాపీ చేయండి.

బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు బ్రౌజర్‌లో అకౌంట్‌తో సింక్ చేస్తే వాటంతటవే వస్తాయి. పాస్‌వర్డ్‌లను ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేస్తే, అది తెరిచిన ఎవరైనా చదవగలిగే మామూలు ఫైలు. పని కాగానే తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

ప్రోగ్రాములు మాత్రం ఇలా కాపీ కావు. ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ను ఎత్తుకెళ్లి కొత్తదాంట్లో పెట్టినా పనిచేయవు. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

అను ఫాంట్లలో ఉన్న పాత తెలుగు

పెళ్లి పత్రికలు, సంఘం కరపత్రాలు, పాత కథలు చాలా ఇళ్లలో, డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలోనే ఉన్నాయి. ఇవి యూనికోడ్ (ఇప్పటి కంప్యూటర్లన్నీ గుర్తించే అక్షర సంకేతాల పద్ధతి) కావు. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలే, ఫాంట్ వాటికి తెలుగు రూపం ఇస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ లేకపోతే పేజీ అంతా అర్థం కాని గుర్తులతో నిండిపోతుంది. ఫైలు పాడైందని తీసేయకండి. పాత కంప్యూటర్ పనిచేస్తుండగానే ముఖ్యమైనవి తెరిచి, ప్రింట్‌లో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకుని పీడీఎఫ్ తీసిపెట్టండి. చదవడానికి అది ఎక్కడైనా పనికొస్తుంది. మళ్లీ మార్చుకోవాల్సినవైతే యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి సరిచూసుకోక తప్పదు.

కొత్తదాంట్లో తెలుగు టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌కి వెళ్లి తెలుగు చేర్చండి. ప్రామాణిక తెలుగు కీబోర్డు అయిన ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు, ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా అక్కడే ఉంటుంది.

పాతది ఆన్ కాకపోతే

డిస్క్ బాగుంటే ఫైళ్లు భద్రంగానే ఉంటాయి. ల్యాప్‌టాప్‌లోని 2.5 అంగుళాల సాటా డిస్క్‌కు యూఎస్‌బీ కేసింగ్ ఒకటి కొని అందులో బిగిస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లా తెరుచుకుంటుంది. డెస్క్‌టాప్‌లోని 3.5 అంగుళాలదానికి విడిగా 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కేసింగే కావాలి. యూజర్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదంటుంది, కంటిన్యూ నొక్కండి. డిస్క్ టకటక చప్పుడు చేస్తుంటే మాత్రం వెంటనే తీసేయండి. తిప్పేకొద్దీ మిగిలినవీ పోతాయి.

డిస్క్‌కు విండోస్ వేసే తాళం బిట్‌లాకర్. దాని 48 అంకెల కీ అడిగితే, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వేరే కంప్యూటర్ నుంచో ఫోన్ నుంచో లాగిన్ అయి డివైసెస్‌లో వెతకండి. ఆ కీ లేకుండా ఆ డిస్క్‌ను రిపేరు షాపువాళ్లు కూడా తెరవలేరు. కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో ఈ తాళం (ఎన్‌క్రిప్షన్) చాలాసార్లు దానంతటదే ఆన్ అవుతుంది. కాబట్టి కొన్న రోజే కీ వెతికి కాగితం మీద రాసి, బిల్లుతో పాటు దాచండి.

పాతదాన్ని వదిలించుకోవడం

ఒక నెల ఆగండి, మర్చిపోయిన ఫైళ్లు గుర్తుకొచ్చేది అప్పుడే. తర్వాత సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకోండి. అక్కడే చేంజ్ సెట్టింగ్స్ నొక్కి క్లీన్ డేటాను ఆన్ చేయండి. డ్రైవ్‌లన్నీ తుడవాలా అన్నదానికి కూడా అవునని పెట్టండి. లేకపోతే సీ డ్రైవ్ ఒక్కటే ఖాళీ అవుతుంది. డీలో ఉన్న ఆధార్ స్కాన్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు కొన్నవాళ్ల చేతికి వెళతాయి.